గాలిపటముతో తీసిన పటము



ముప్పైయేళ్ల పైచిలుకు పిల్లలకు సంధులు, సమాసాలు బోధించి పదవీ విరమణ చేసిన తెలుగు పండితుడొకడు గోదావరి లంకలో పంచె ఎగగట్టి, నిలువెత్తు బూరలో గాలి నింపుతూ కనబడితే చూసేవారు ఏమనుకుంటారు? మా వీధివారు అనుకొన్నదే మీరూ అనుకొనవచ్చును. "ఉట్టికెగరలేనమ్మ స్వర్గానికెగిరినట్లు" అని మా ఇంటావిడ నా ముఖం మీదనే అన్నది. ఆమెను తప్పు పట్టను. ఈ పని ఎందుకు తలపెట్టానో అప్పటికి ఆమెకు చెప్పలేదు.

ముందు ఒక్క మాట గురించి చెప్పనివ్వండి. పాతికేళ్లకు మించిన అలవాటు, మాట కనబడితే దాని పుట్టుక చూడకుండా ఉండలేను. పటము అంటే సంస్కృతంలో వస్త్రము. గుడ్డ మీద బొమ్మలు వేసి, ఊరూరా తిరిగి, విప్పి చూపిస్తూ కథలు చెప్పేవారు కనుక మనకు పటమంటే బొమ్మ కూడా అయింది. దేశాన్ని గీసినది దేశపటము. గాలికి ఎగిరేది గాలిపటము. ఒకే మాట వస్త్రమై, చిత్రమై, ఆకాశంలో ఎగిరే వస్తువై మూడు రూపాలు ధరించింది. గాలిపటం మీదికెక్కి నేల పటం తీయడమనే నా పిచ్చికి మన భాష ఎప్పుడో అనుమతి ఇచ్చిందని సరిపెట్టుకొన్నాను.

ఇక అసలు విషయం. ధవళేశ్వరం దాటిన తరువాత గోదావరి గౌతమి, వసిష్ఠ అని రెండు పాయలవుతుంది. అందులో గౌతమీ పాయ నడుమనున్న ఒక లంక మా స్వగ్రామం. పేరు చెప్పను. లంకలన్నిటి కథా ఒక్కటే. 1852లో కాటన్ దొర ఆనకట్ట పూర్తి చేసిన తరువాత ఏటిగట్లకు అవతలి డెల్టా అంతా అన్నపూర్ణ అయింది. గట్లకు లోపల, ఏటి కడుపులో ఉండే లంకలు మాత్రం ఎప్పటిలాగానే ఏటి దయ మీద బతుకుతున్నాయి. ఏరు ఒక ఒడ్డున కోస్తుంది, ఎదుటి ఒడ్డున మేట వేస్తుంది. వంపు బయటివైపున నీటి వడి ఎక్కువ, అక్కడ కోత. లోపలివైపున వడి తక్కువ, అక్కడ ఇసుక నిలుస్తుంది. మా ఇల్లు కోతవైపున ఉంది.

బయటివారికి తెలియని సంగతి ఒకటున్నది. వరద నిండుగా ఉన్నప్పుడు ఒడ్డు అంతగా విరగదు. నీరే దానిని ఆనుకొని నిలబెడుతుంది. వరద తీసేటప్పుడు, లోపల నాని బరువెక్కిన మట్టికి బయట ఆధారం హఠాత్తుగా పోయి, అప్పుడు విరుగుతుంది. ఊపిరి పీల్చుకొనే వేళనే ఏరు కాటు వేస్తుందన్నమాట.

1986 ఆగస్టు వరదలో భద్రాచలం దగ్గర నీటిమట్టం 75.6 అడుగులకు చేరింది. ఆ ఏడాది మా పాత ఇల్లు పోయింది. వెనక్కి జరిగి నాన్నగారు ఇప్పటి ఇల్లు కట్టారు. 2022 జూలైలో మళ్లీ 71.3 అడుగులు. ఆ వరద తీసిన తరువాత మా పెరడు సగం లేదు.

ఆ ఇంట్లో మా అమ్మ, తమ్ముడి కుటుంబం ఉంటున్నారు. అమ్మకు అప్పటికి ఎనభై మూడేళ్లు. రాజమహేంద్రవరంలో నా దగ్గరకు వచ్చి ఉండమని అడిగినప్పుడల్లా ఒకటే జవాబు: "ఏరు ఇంకా దూరంగానే ఉందిరా పెద్దోడా". తమ్ముడిదీ అదే మాట. "అన్నయ్యా, నువ్వు గట్టు మీదివాడివి. నీకు ప్రతి నీళ్లూ వరదలాగే కనబడతాయి" అన్నాడొకసారి. నేను తాడు పట్టుకొని కొలుద్దామంటే ఎక్కడినుండి కొలవాలి? ఒడ్డు అంచు పెళుసు. అంచున నిలబడి కొలిచేవాడు కొలతతో సహా ఏట్లో ఉంటాడు. ఉపగ్రహ చిత్రాలు కంప్యూటరులో చూపించాను. అవి ఎప్పటివో, ఏ నెలవో, మా కొబ్బరిచెట్లు అందులో ఆకుపచ్చ మచ్చలు. అమ్మ చూసి నవ్వి ఊరుకొన్నది.

పై నుండి, మా పెరడును, మేము కోరిన రోజున చూడాలి. ఆ కోరికే ఈ బూరకు మూలం.

డ్రోను కొనమని మనవడు సలహా ఇచ్చాడు. 2021లో వచ్చిన నియమాలను కూడా చదివి వినిపించాడు. ధర విని నేను వెనుకంజ వేశాను. పైగా అది అరగంట ఎగిరి దిగిపోతుంది, నాబోటివాడి చేతిలో అయిదు నిమిషాలకే ఏట్లో దిగుతుంది. గాలిపటమైతే చిన్ననాటి నుండి చేతికి తెలిసిన వస్తువు.

ఈ దారిలో నాకంటె ముందు నడిచినవారున్నారు. 1858లో నాదార్ అనే ఫ్రెంచివాడు పారిస్ దగ్గర బెలూను ఎక్కి నేలను ఫొటో తీశాడు. 1888లో అదే దేశస్థుడు ఆర్థర్ బటూ గాలిపటానికి కెమెరా కట్టి ఎగరవేశాడు. 1906లో భూకంపానికి నేలమట్టమైన శాన్‌ఫ్రాన్సిస్కో నగరాన్ని జార్జి లారెన్స్ అనే అమెరికను, వరుసగా కట్టిన గాలిపటాలకు పెద్ద కెమెరా వేలాడదీసి చిత్రించాడు. 2010లో మెక్సికో సింధుశాఖలో చమురు ఒలికినప్పుడు తీరంలోని సామాన్యజనం బూరలకూ గాలిపటాలకూ చిన్న కెమెరాలు కట్టి తమ తీరానికి జరిగిన నష్టాన్ని తామే పటాలు తీసుకొన్నారు. ఈ చివరి సంగతి చదివినప్పుడు నాకు ధైర్యం కలిగింది. వారిలోనూ నాలాంటి మేష్టర్లు ఉండి ఉంటారు.

బూరలో నింపవలసినది హీలియం. ఈ వాయువుకు మన ఆంధ్రదేశంతో ఉన్న చుట్టరికం ఎందరికి తెలుసునో! 1868 ఆగస్టు 18న సంపూర్ణ సూర్యగ్రహణం పట్టింది. దానిని చూడడానికి జాన్సెన్ అనే ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు గుంటూరుకు వచ్చాడు. మద్రాసు నక్షత్రశాల అధికారి పోగ్సన్ మచిలీపట్నంలో నిలిచాడు. ఆ గ్రహణవేళ సూర్యుని అంచున లేచే జ్వాలల కాంతిలో ప్రకాశవంతమైన గీతలు కనిపించాయి. వాటిలో పసుపుపచ్చ గీత ఒకటి. మొదట సోడియం అనుకొన్నారు. అదే సంవత్సరం ఇంగ్లండులో లాకియర్ అది సోడియం కాదని గ్రహించాడు. సూర్యునిలో కనబడిన మూలకం కనుక గ్రీకుల సూర్యుని పేర హీలియం అన్నారు. భూమి మీద అది దొరకడానికి మరి 27 ఏళ్లు పట్టింది. 1895లో రామ్సే ఒక ఖనిజం నుండి దానిని పట్టుకొన్నాడు. మన గుంటూరు ఆకాశంలో తొంగిచూసిన వాయువును ఈనాడు మనం దాదాపు అంతా పరదేశాల నుండి కొనుక్కొంటున్నాం. సిలిండరు అద్దె, గ్యాసు ఖరీదు కలిపి చూసేటప్పటికి నా పింఛనులో పెద్ద భాగం ఆకాశానికి ఎగిరిపోయింది.

చవకగా హైడ్రోజను నింపవచ్చును కదా అని మీలో ఎవరైనా అనవచ్చు. దయచేసి ఆ పని చేయకండి. తీర్థాలలో బూరలమ్మేవారు కొందరు కాస్టిక్ సోడా, అల్యూమినియం ముక్కలతో హైడ్రోజను తయారు చేయబోయి సిలిండరు పేలి ప్రాణాలు పోగొట్టుకొన్న సంగతి పత్రికలలో చూస్తూనే ఉన్నాం. హీలియం మండదు. దాని గుణమంతా ఆ ఒక్క మాటలో ఉన్నది.

లెక్క చాలా సులభం. ఒక ఘనమీటరు హీలియం మన వాతావరణంలో ఇంచుమించు ఒక కిలో బరువును లేపుతుంది. నేను రాజమహేంద్రవరం బజారులో పాలిథిన్ గొట్టం కొన్నాను. చదునుగా పరిస్తే 140 సెంటీమీటర్ల వెడల్పు, ఉబ్బితే 90 సెంటీమీటర్ల వ్యాసం. మూడు మీటర్ల ముక్క కోసి రెండు చివరలూ మూస్తే 1.9 ఘనమీటర్లు పడుతుంది. అంటే సుమారు 1.9 కిలోల ఎత్తుబలం. అందులో పాలిథిన్ బరువు 450 గ్రాములు, గాలిపటం 250, కెమెరా దాని ఊయలతో 250, వంద మీటర్ల నైలాను తాడు 150. మొత్తం 1,100. మిగిలిన 800 గ్రాములూ తాడును బిగువుగా ఉంచడానికి. పాలిథిన్ అని చిన్నచూపు చూడకండి. హైదరాబాదులో టాటా ఇన్‌స్టిట్యూట్ వారి బెలూను కేంద్రం నుండి శాస్త్ర పరిశోధనకు ఎగిరే మహా బెలూన్లు కూడా పలుచని పాలిథిన్ పొరతో చేసినవే.

చివరలు అతికించడానికి ఇస్త్రీపెట్టె వాడాను. కింద న్యూస్ పేపరు, పైన న్యూస్ పేపరు, నడుమ పాలిథిన్. వేడి ఎక్కువైతే కరిగి చిల్లు, తక్కువైతే అతుకు ఊడుతుంది. మూడు గొట్టాలు పాడు చేసిన తరువాత చేయి కుదిరింది. మా ఇంటావిడ ఇస్త్రీపెట్టె మాత్రం తిరిగి కుదుటపడలేదు.

మొదటి ప్రయత్నం బూరతోనే చేశాను, గాలిపటం కట్టకుండా. ఏటి ఒడ్డున నా పాత విద్యార్థి ఒకడు, వెల్డింగు పనివాడు, సిలిండరు పట్టుకొన్నాడు. తొమ్మిది గంటల దాకా నిలువుగా ముద్దుగా నిలబడింది. పదింటికి సముద్రపు గాలి మొదలైంది. బూర వంగి వంగి తాడుతో సహా ఏటి నీటి మీదికి పడుకొన్నది. "మేష్టారూ, కెమెరా!" అని వాడు కేక వేసి నడుములోతు నీళ్లలోకి దూకి పట్టుకొన్నాడు. ఆ కెమెరా మళ్లీ పని చేయలేదు.

అప్పుడు బోధపడింది. గాలి లేనప్పుడు గాలిపటం ఎగరదు, గాలి ఉన్నప్పుడు బూర నిలవదు. రెండూ ఒకదానికొకటి తోడైతే ఏ గాలికైనా తట్టుకొంటాయి. 1993లో ఇంగ్లండులో ఆల్‌సాప్ అనే ఆయన సరిగ్గా ఇటువంటి కలయికనే తయారుచేశాడని తరువాత తెలిసింది. వెదురుబద్దలు చీరి, మూడు కోణాల గాలిపటం చేసి, బూర పొట్ట కింద కట్టాను. ఇక సూత్రం. గాలిపటానికి కట్టే దారాలను సూత్రమంటామని మీకు తెలుసు. వ్యాకరణ సూత్రాలతో జీవితం గడిపినవాడికి ఈ సూత్రం రెండు వారాలు లొంగలేదు. ముడి ఒక అంగుళం ముందుకు జరిపితే పటం ముక్కు కిందికి, వెనక్కి జరిపితే గింగిరాలు. ఇందులో వికల్పాలు, బహుళాలు లేవు. తప్పు రాస్తే గాలి వెంటనే కొట్టివేస్తుంది.

కెమెరాను బూరకు నేరుగా కట్టకూడదు, ఊగిపోతుంది. 1912లో పికవే అనే ఫ్రెంచివాడు చెప్పిన పద్ధతిలో, ఒక చిన్న కర్ర శిలువకు నాలుగు చివరలా కొక్కేలు పెట్టి, ఒకే దారాన్ని వాటిలోనుండి అటూ ఇటూ పోనిస్తే, తాడు ఎటు వంగినా కెమెరా నేలవైపే చూస్తుంది. మా తమ్ముడు చూసి "ఇది ఉట్టి కదా అన్నయ్యా" అన్నాడు. ఉట్టే. మా ఇంటావిడ సామెత ఆ విధంగా నిజమైంది. పది సెకండ్లకొక ఫొటో తీసుకొనేటట్లు మనవడు కెమెరాను సిద్ధం చేశాడు.

చట్టం సంగతి కూడా చెప్పాలి. 1934 నాటి విమాన చట్టంలో విమానమన్న మాటకు ఇచ్చిన నిర్వచనంలో బెలూన్లతోపాటు గాలిపటాలు కూడా ఉన్నాయి. ఆ చట్టం స్థానంలో 2024లో కొత్త చట్టం చేశారు. గాలిపటం విమానమేనన్న మాట చదివి పండితుడిగా సంతోషించాను, పౌరుడిగా జాగ్రత్త పడ్డాను. పంచాయతీకి, ఠాణాకు ముందుగా కాగితం ఇచ్చి, మధురపూడి విమానాశ్రయానికి చాలా దూరంగా, కరెంటు తీగలు లేని చోట, 60 మీటర్లకు మించకుండా ఎగరవేశాను.

2023 జనవరి, సంక్రాంతి వెళ్లిన వారం. తెల్లవారి మంచు విడుతుండగా బూరను వదిలాము. తాడు తమ్ముడి చేతిలో ఉంది. ఎదుటి ఇసుకమేట మీద కొంగల గుంపు ఒక్కసారిగా లేచి బూర చుట్టూ తిరిగి అవతలికి పోయింది. కాళిదాసు రఘువంశం పదమూడవ సర్గలో, పుష్పకం చిరుగంటల సవ్వడి విని గోదావరి మీది బెగ్గురు పక్షుల బారులు సీతమ్మకు ఎదురు వస్తున్నట్లు పైకి లేచాయని వర్ణించాడు. ఎన్నిసార్లు పాఠం చెప్పానో. ఆకాశం నుండి గోదావరిని చూసిన మొదటి కన్ను ఆ కవిది కదా అనుకొన్నాను. తమ్ముడు మాత్రం "తాడు కోసుకుపోతోంది, గుడ్డ ఇవ్వు" అన్నాడు.

నేల మీద కొలత కోసం నా తెల్ల పంచెలు రెండు సరిగ్గా 20 మీటర్ల ఎడంలో పరిచాము. ఫొటోలో ఆ ఎడమెంతో చూసి, దానితో మిగతా దూరాలు లెక్క కట్టవచ్చు. ఆ రాత్రి మనవడు లెక్క కట్టాడు. మా నూతి గట్టు నుండి ఏటి అంచుకు 31 మీటర్లు.

ఫొటోను పెద్దదిగా అచ్చు వేయించి తీసుకొనివెళ్లి అమ్మ ముందు అరుగు మీద పరిచాను. పాఠం చెప్పే అలవాటు కదా, ఇది ఇల్లు, ఇది నుయ్యి, ఇది ఏరు అని వేలు పెట్టి చూపించబోయాను. ఆమె నా చెయ్యి పక్కకు నెట్టింది. కళ్లజోడు సవరించుకొని, వేలితో ఒక్కొక్క చెట్టునూ లెక్కపెట్టింది.

"ఏటివైపు వరుసలో నేనూ మీ నాన్నగారూ పధ్నాలుగు వేశాం. తొమ్మిదున్నాయి" అన్నది.

"నీకెలా తెలుసమ్మా? పెరట్లోకి వెళ్లి ఏడాది దాటిందిగా?"

"పడినప్పుడు వినబడదట్రా? రాత్రిళ్లు నిద్ర ఎక్కడ? అయిదూ విన్నాను. నాకు నీ పటమెందుకు?"

నేను తెల్లబోయాను. "మరి ఏరు దూరంగా ఉందని ఎందుకంటావు?"

ఆమె వాకిలివైపు చూసింది. తమ్ముడు కొబ్బరికాయలు ఒలుస్తున్నాడు. గొంతు తగ్గించి, "చిన్నాడు వింటుంటాడు కదరా. నేను బయలుదేరితే వాడికి ఈ నేల మీద నమ్మకం పోతుంది. వాడికి ఉన్నదంతా ఇదే" అన్నది.

ఆరు నెలలు శ్రమపడి, ఇస్త్రీపెట్టె కాల్చి, కెమెరా ముంచి, అమ్మకు తెలియని సంగతి తెలియజెప్పాలని తీసుకొనివచ్చాను నేను. ఆమెకు అన్నీ తెలుసు. ఆమె చెప్పినది అజ్ఞానం కాదు, కొడుకు కోసం మోస్తున్న అబద్ధం. ఇన్నేళ్ల పండితుడికి ఒక వాక్యంలో ఎవరిని ఉద్దేశించి ఆ మాట అన్నారో తెలియలేదు.

పటాన్ని చుట్టి తమ్ముడికి ఇచ్చాను. ఏమీ చెప్పలేదు. వాడు దానిని కొట్టుగదిలో గోడకు తగిలించాడు.

2023 డిసెంబరులో వాడే కబురు చేశాడు, "బూర తీసుకురా అన్నయ్యా" అని. ఈసారి తాడు నేను పట్టుకొన్నాను. పంచెలు వాడు పరిచాడు. లెక్క కూడా వాడే దగ్గర కూర్చుని చేయించుకొన్నాడు. 22 మీటర్లు. ఏడాదిలో తొమ్మిది మీటర్లు పోయాయి. రెండు పటాలూ పక్కపక్కన పెట్టుకొని చాలాసేపు చూశాడు. తరువాత, "వానల లోపల అమ్మను తీసుకుపో. నేను గట్టు మీది ఊళ్లో ఇల్లు చూసుకుంటాను. పగలు వచ్చి పొలం చేసుకుంటాను" అన్నాడు. అమ్మ లోపలి నుండి వినింది. ఆ మాట వాడి నోట రావడం కోసమే ఆమె కాచుకొని ఉన్నదని నాకప్పుడు అర్థమైంది.

2024 మే నెలలో అమ్మ మా ఇంటికి వచ్చింది. తులసి కోటలోని మట్టి గుడ్డలో మూటకట్టి తెచ్చుకొన్నది. పడవలో వెనక్కి తిరిగి చూడలేదు. "చూస్తే ఏముంది, పై నుండే చూశాను కదా" అన్నది.

ఇప్పుడు ఏడాదికి రెండుసార్లు, వానలకు ముందూ తరువాతా, అన్నదమ్ములం బూర ఎగరవేస్తాము. ఒక్క సిలిండరు మూడు ఎగురవేతలకు వస్తుంది. ఇరుగుపొరుగు రైతులు తమ గట్లు కూడా తీయమని అడిగితే తీసి ఇస్తున్నాము. ఏ కాగితానికి జతపరచుకొంటారో వారి ఇష్టం. తేదీ, కొలత మాత్రం ప్రతి పటం మీదా రాస్తాను. ఏరు కోసిన నేలను పటం తిరిగి తేదు. కాని ఎంత పోయిందో, ఎప్పుడు పోయిందో మా నోటిమాటగా కాక మరొక సాక్ష్యంగా నిలుస్తుంది.

2024 డిసెంబరు పటం ఇంటికి తెచ్చినప్పుడు అమ్మ మంచం మీద కూర్చొని భూతద్దం పెట్టి చూసింది. చెట్లు లెక్కపెట్టి, వెనుకవైపు పెన్సిలుతో ఆరు అని వేసింది. తరువాత నన్ను పిలిచి, "నుయ్యి ఉందట్రా? నాకు సరిగ్గా ఆనడం లేదు" అని అడిగింది.

"ఉందమ్మా. 14 మీటర్లు ఉంది" అన్నాను.

"సరే, మళ్లీ వెళ్లినప్పుడు ఒక చెంబుడు నీళ్లు తీసుకురా" అన్నది.